గొంతులో నొప్పి, మనసులో గుబులు

గొంతునొప్పి ఎరుగనివారు లోకంలో ఉండరు. ఋతువు మారినా, చల్లగాలిలో తిరిగినా, జాతరలో గొంతు చించుకుని అరిచినా మర్నాటికి గొంతు పట్టేస్తుంది. ఉప్పునీళ్లు పుక్కిలించి, మిరియాల పాలు తాగి ఎవరి పనులలో వారు పడిపోతారు. నాలుగు రోజులు గడిచేసరికి నొప్పి వచ్చిన సంగతే మరచిపోతారు. కాని అదే నొప్పి ఒక రహస్యం వెంట వచ్చినప్పుడు సంగతి వేరు. అంతగా పరిచయం లేని వ్యక్తితో ఒక రాత్రి గడిపిన తర్వాత, పది రోజులకో ఇరవై రోజులకో గొంతులో మంట మొదలై ఎంతకూ తగ్గకపోతే, ఆ మనిషికి మిరియాల పాలు గుర్తుకు రావు. గుర్తుకు వచ్చేది ఎయిడ్స్ ఒక్కటే.

ఈ భయం ఏ ఊరిలోనైనా ఉన్నదే. కాని సొంత ఊరికి దూరంగా బతికేవారిని అది మరింత గట్టిగా పట్టుకుంటుంది. ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌నే తీసుకోవచ్చు. 1931లో పూర్తయిన రాయపూర్–విజయనగరం రైలు మార్గం ఆ నగరాన్ని ఉత్తరాంధ్రతో కలిపింది. రైల్వే కొలువులకూ, ఆ తర్వాత పొరుగునున్న భిలాయి ఉక్కు కర్మాగారానికీ, ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడలకూ తెలుగువారు ఎందరో చేరుకున్నారు. తాతల కాలంలో వచ్చి స్థిరపడిన కుటుంబాలు కొన్ని. భార్యాబిడ్డలను ఊరిలో ఉంచి ఒంటరిగా గది అద్దెకు తీసుకుని ఉండేవారు మరికొందరు.

అటువంటి గదిలో ఉండే ఒక యువకుణ్ణి ఊహించుకోవచ్చు. సంక్రాంతికి ఇంటికి వెళ్లవలసి ఉన్నది. భార్య రోజూ ఫోనులో ఎప్పుడు వస్తున్నారని అడుగుతున్నది. అతనికి మూడు వారాలుగా గొంతు నొప్పి. కాలనీ డాక్టరు దగ్గరకు వెళితే ఆయన తండ్రిని ఎరిగినవాడు. అందుచేత "జలుబు చేసింది" అని మాత్రమే చెబుతాడు. దూరంగా ఉన్న డాక్టరు దగ్గరకు వెళితే అక్కడ హిందీలో మాట్లాడాలి. బజారులో బేరమాడటానికి సరిపోయే హిందీ ఇటువంటి మాట చెప్పుకోవడానికి సరిపోదు. చివరకు ఇద్దరు డాక్టర్లూ సగం కథ విని సగం వైద్యమే చేస్తారు. మాత్రలు అయిపోతాయి, నొప్పి మిగిలిపోతుంది, భయం రెట్టింపు అవుతుంది.

ఈ చిక్కుముడి విప్పడానికి వైద్యశాస్త్రం ఇచ్చే మొదటి సాధనం మందు కాదు, క్యాలెండరు. సంపర్కం జరిగి ఎన్ని రోజులైంది, నొప్పి ఎన్నవ రోజున మొదలైంది అన్న రెండు లెక్కలు సరిగా చెప్పగలిగితే భయాలలో చాలా భాగం అక్కడే తేలిపోతుంది.

ప్రతి రోగానికీ ఒక గడువు

శరీరంలో ప్రవేశించిన సూక్ష్మజీవి లక్షణాలు చూపించడానికి కొంత కాలం తీసుకుంటుంది. ఆ కాలం ఒక్కొక్క రోగానికి ఒక్కొక్క విధంగా ఉంటుంది. రాత్రి సంపర్కం జరిగి తెల్లవారేసరికి గొంతు నొప్పి పుడితే అది హెచ్.ఐ.వి. వలన కలిగినది కాజాలదు. హెచ్.ఐ.వి. సోకినవారిలో కొందరికి తొలిదశలో జ్వరం, గొంతునొప్పి, మెడ దగ్గర బిళ్లలు కట్టడం, ఒంటిమీద దద్దురు వంటివి కనిపించే మాట నిజమే. అయితే అవి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకు మొదలై, ఒకటి రెండు వారాలలో వాటంతట అవే తగ్గిపోతాయి. జ్వరమూ లేక, బిళ్లలూ లేక, ఒక్క గొంతునొప్పి మాత్రమే నెలల తరబడి సాగుతూ ఉంటే దానికి కారణం మరెక్కడో ఉన్నదని అనుమానించవలసి ఉంటుంది. అట్లాగని లక్షణాలు చూసి హెచ్.ఐ.వి. ఉన్నదనీ లేదనీ తేల్చడం ఎవరి తరమూ కాదు. తేల్చేది రక్తపరీక్ష ఒక్కటే.

ముద్దుపెట్టుకోవడం వలన హెచ్.ఐ.వి. సోకుతుందన్న భయానికి ఆధారం లేదు. ముఖరతి వలన సోకే అవకాశం పూర్తిగా లేదని చెప్పలేకపోయినా, ఇతర విధాలతో పోలిస్తే అది చాలా స్వల్పం. 2021 నాటి జాతీయ అంచనాల ప్రకారం మన దేశంలో వయోజనులలో హెచ్.ఐ.వి. ఉన్నవారు సుమారు 0.21 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం, తెలంగాణలో 0.47 శాతం. ఈ అంకెలు నిర్లక్ష్యానికి అనుమతిపత్రాలు కావు. కాని గుండె దిటవు చేసుకుని పరీక్షకు వెళ్లడానికి అవి కొంత తోడ్పడతాయి.

గొంతుకు సంబంధించినంతవరకు ఎక్కువగా పట్టించుకోవలసిన సుఖవ్యాధి మరొకటి ఉన్నది. అది గనేరియా, పాతతరం వారి మాటలో సెగవ్యాధి. దాని సూక్ష్మజీవిని 1879లో జర్మన్ వైద్యుడు ఆల్బర్ట్ నైసర్ కనుగొన్నాడు. ముఖరతి వలన ఇది గొంతులో చేరగలదు. విచిత్రమేమిటంటే, గొంతులో గనేరియా ఉన్నవారిలో అత్యధికులకు ఏ బాధా ఉండదు. అంటే నొప్పి ఉన్నంత మాత్రాన గనేరియా ఉన్నట్లు కాదు, నొప్పి లేనంత మాత్రాన లేనట్లూ కాదు. మూత్రపరీక్షలో ఇది బయటపడదు. గొంతు వెనుక భాగం నుంచి దూదిపుల్లతో నమూనా తీసి పరీక్షించాలి. డాక్టరుకు అసలు సంగతి చెప్పకపోతే ఆ నమూనా తీయాలన్న ఆలోచనే ఆయనకు రాదు.

సవాయి రోగం, అంటే సిఫిలిస్, పది నుంచి తొంభై రోజుల లోపల, సగటున మూడు వారాలకు తొలి పుండుగా కనిపిస్తుంది. పెదవిమీదగాని, నాలుకమీదగాని, టాన్సిల్ దగ్గరగాని వచ్చే ఆ పుండుకు నొప్పి ఉండకపోవడమే దాని మోసం. కొన్ని వారాలకు అది దానంతట అదే మానిపోతుంది. రోగి తనకు నయమైందని సంబరపడతాడు. తర్వాత రెండవ దశలో అరచేతులమీద, అరికాళ్లమీద మచ్చలతో, జ్వరంతో, గొంతునొప్పితో రోగం మళ్లీ తలెత్తుతుంది. తొలి రోజులలో చేసిన రక్తపరీక్షలో సవాయి కనిపించకపోవచ్చు. అందుచేత మూడు నెలలు నిండిన తర్వాత మరొకసారి పరీక్ష చేయించుకోవడం అవసరం. హెర్పిస్ అయితే రెండు నుంచి పన్నెండు రోజులలో నోటిలో సన్నని నీటిపొక్కులుగా, భరించరాని మంటతో బయటపడుతుంది.

వీటన్నిటికంటే మనిషిని ఎక్కువగా తికమక పెట్టే రోగం ఒకటి ఉన్నది. లాలాజలం ద్వారా సోకే ఎప్‌స్టీన్–బార్ వైరస్ వలన నాలుగు నుంచి ఆరు వారాలకు జ్వరం, తీవ్రమైన గొంతునొప్పి, మెడలో బిళ్లలు, అంతులేని నీరసం కలుగుతాయి. చూడటానికి అచ్చం హెచ్.ఐ.వి. తొలిదశ మాదిరిగానే ఉంటుంది. ఈ జ్వరం ఉన్నవారు మందుల దుకాణంలో అడిగి ఆమాక్సిసిలిన్ మాత్రలు మింగితే చాలామందికి ఒళ్లంతా ఎర్రని దద్దురు పుడుతుంది. ఇక ఆ మనిషి తనకు ఎయిడ్స్ వచ్చిందని తీర్మానించుకోవడంలో వింత లేదు. ఆ దద్దురుకు కారణం ఆ వైరసు ఒంట్లో ఉండగా అవసరం లేని మాత్ర మింగడమే.

సగం మందు, సగం నిజం

మన ఊళ్లలో గొంతునొప్పికి మందుల దుకాణమే మొదటి ఆసుపత్రి. రెండు రోజులు ఒక మాత్ర, తగ్గకపోతే మూడు రోజులు మరొక మాత్ర. పెద్దలలో వచ్చే గొంతునొప్పులలో అధికభాగం వైరస్‌ల వలన కలిగేవే. వాటిమీద యాంటీబయోటిక్‌లు పనిచేయవు. స్ట్రెప్టోకోకస్ అనే సూక్ష్మజీవి వలన పెద్దలలో వచ్చేది నూటికి అయిదు నుంచి పదిహేను వరకు మాత్రమే.

సుఖవ్యాధి అనుమానంతో సొంతవైద్యం చేసుకుంటే నష్టం ఇంకా ఎక్కువ. గనేరియా సూక్ష్మజీవి గడచిన ఎనభై ఏళ్లలో ఒక మందు తర్వాత ఒక మందును తట్టుకుంటూ వచ్చింది. గొంతులో చేరిన గనేరియాను నిర్మూలించడం మిగిలిన భాగాలలో కంటే కష్టం. అందుకే దానికి మాత్రల కంటే సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షనునే వైద్యులు నమ్ముతారు. వైద్యం తర్వాత గొంతును మళ్లీ పరీక్షించి చూస్తారు. ఎవరో చెప్పిన మాత్రలు అరకొరగా వాడితే రోగం చావదు. లోపల ఎదుగుతున్న సవాయి లక్షణాలు తాత్కాలికంగా మరుగున పడవచ్చు. చివరకు పరీక్ష చేసే డాక్టరుకు సరైన చిత్రం దొరకకుండా పోతుంది.

భయానికి చరిత్ర ఉన్నది

ఈ రోగాల పట్ల మనవారికి ఉన్న భయం నేటిది కాదు. పదహారవ శతాబ్దపు భావప్రకాశంలో భావమిశ్రుడు ఫిరంగరోగమనే కొత్త వ్యాధిని వర్ణించాడు. పోర్చుగీసువారి వెంట వచ్చిన సవాయి రోగమే అదని పండితులు చెబుతారు. సవాయికి రక్తపరీక్ష 1906లో వచ్చింది. పెన్సిలిన్‌ను 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కనుగొనగా, 1943లో అమెరికాలో జాన్ మహోనీ దానితో సవాయి నయమవుతుందని నిరూపించాడు. నాలుగు వందల ఏళ్లుగా పాదరసంతో ప్రాణాలు తోడిన రోగం తొలిదశలో ఒక్క ఇంజెక్షనుతో లొంగే స్థితికి వచ్చింది. ఈ కథలో తెలుగువారికీ ఒక పాలు ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్న కాలంలోనే టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ వెలువడింది. ఆ జాతికే చెందిన డాక్సీసైక్లిన్‌ను కొన్ని సుఖవ్యాధులకు ఈనాటికీ వాడుతున్నారు.

హెచ్.ఐ.వి. మన దేశంలో ఉన్నదని మొదటిసారి బయటపడింది 1986లో, నాటి మద్రాసులో. డాక్టర్ సునీతి సాల్మన్, ఆమె శిష్యురాలు నిర్మల సేకరించిన రక్త నమూనాలే దాన్ని వెల్లడించాయి. ఆనాడు దానికి మందు లేదు. గోడలమీద పుర్రె బొమ్మల ప్రచారం మాత్రం ఉండేది. 2004 నుంచి ప్రభుత్వం మందులను ఉచితంగా ఇవ్వడం ప్రారంభించింది. 2017 నుంచి రోగం ఏ దశలో ఉన్నా, పరీక్షలో తేలిన వెంటనే చికిత్స మొదలుపెడుతున్నారు. క్రమం తప్పక మందు వాడి రక్తంలో వైరస్‌ను పరీక్షకు అందనంతగా తగ్గించుకున్న వ్యక్తి నుంచి లైంగిక సంపర్కం ద్వారా అది ఇతరులకు సోకదు. పిల్లలను కని, ఉద్యోగాలు చేసుకుంటూ నిండు జీవితం గడపగలరు. మందులు ఇంత దూరం వచ్చినా మనసులోని పుర్రె బొమ్మ మాత్రం చాలామందిలో ఇంకా చెరగలేదు.

అద్దం ముందు నిలిచిన మనిషి

భయపడిన మనిషి అద్దం ముందు నోరు తెరిచి, టార్చి వేసి గొంతు చూసుకుంటాడు. గంటకొకసారి చూసుకుంటాడు. ఆరోగ్యవంతుల గొంతు వెనుక భాగంలోనూ ఎర్రని చారలు, చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. ఇంతకు ముందు ఎన్నడూ చూసుకోలేదు గనుక అవి కొత్తగా పుట్టాయనుకుంటాడు. మెడ నొక్కి నొక్కి బిళ్లల కోసం వెతుకుతాడు. నొక్కినందువలన అక్కడ నొప్పి పుడుతుంది. మాటిమాటికీ గుటకలు వేస్తాడు. ఏదో ఉండ అడ్డుపడినట్లు తోస్తుంది. ఆందోళన వలన గొంతులో ఉండ అడ్డుపడినట్లు అనిపించడం వైద్యులకు చిరకాలంగా తెలిసిన విషయమే.

తప్పు చేశానన్న భావన శిక్ష కోసం ఎదురుచూస్తుంది. ఆ శిక్షను శరీరంలోనే వెతుక్కుంటుంది. మన దేశపు పురుషులలో వీర్యనష్టం గురించిన భయం దేహబాధలుగా మారే తీరుకు మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ 1960లో ధాతు సిండ్రోమ్ అని పేరు పెట్టాడు. లజ్జ, భయం కలిసి నొప్పి రూపం ధరించడం మనకు కొత్త కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ నొప్పి నటన కాదు, నిజమైన నొప్పే. గడువు ముగిసిన తర్వాత చేసిన పరీక్షలో ఏమీ లేదని తేలినా నమ్మకం కుదరక, ఒక లేబొరేటరీ నుంచి మరొక లేబొరేటరీకి తిరుగుతూ నిద్రాహారాలు మానేసేవారు మానసిక వైద్యుణ్ణి కలుసుకోవాలి. అక్కడ కూడా మందు ఉన్నది, మాట ఉన్నది.

మరచిపోయే మరొక మనిషి

ఈ ఆందోళన అంతటిలో చాలామంది గుర్తుంచుకోని వ్యక్తి ఒకరు ఉంటారు. ఊరిలో ఎదురుచూసే భార్య. నాకేమవుతుందన్న ప్రశ్న అతణ్ణి రాత్రులు నిద్రపోనివ్వదు. నావలన ఆమెకేమవుతుందన్న ప్రశ్న అంత త్వరగా రాదు. నిజానికి ముందుగా రావలసినది అదే. పురుషుడికి బాధ కలిగించని గనేరియా స్త్రీ గర్భాశయానికి పాకి సంతానం లేకుండా చేయగలదు. గర్భిణికి సవాయి సోకితే కడుపులోని బిడ్డకు ప్రాణాపాయం. పరీక్షల గడువు పూర్తయ్యేవరకు దూరంగా ఉండటం, లేదా తప్పనిసరిగా నిరోధ్ వాడటం అతని కనీస ధర్మం. రోగం ఉన్నదని తేలితే ఆమెకు కూడా పరీక్ష, చికిత్స జరగాలి. ఒక్కరికే వైద్యం చేస్తే రోగం ఇద్దరి మధ్యా తిరుగుతూనే ఉంటుంది. చెప్పడం కష్టం. చెప్పకపోతే ఆ భారాన్ని ఆమె తనకు తెలియకుండానే మోయవలసి వస్తుంది. ఎలా చెప్పాలో తోచనివారికి ప్రభుత్వ కేంద్రాలలోని కౌన్సెలర్లు సహాయపడతారు.

ఇదే భయం స్త్రీకి కలిగినప్పుడు ఆమె పరిస్థితి మరింత క్లిష్టం. ఒంటరిగా ఆసుపత్రికి వెళ్లే స్వేచ్ఛ ఆమెకు ఉండకపోవచ్చు. వెళ్లినా అడిగే ప్రశ్నలకంటే చూసే చూపులే ఎక్కువ బాధిస్తాయి. రోగి శీలాన్ని తూచే పని వైద్యుడిది కాదు. అది గుర్తుంచుకున్న వైద్యుడి దగ్గరకే రోగులు నిజంతో వస్తారు.

ఎక్కడికి వెళ్లాలి, ఏమి చెప్పాలి

రాయపూర్‌లో 1963లో స్థాపించిన పండిత జవహర్‌లాల్ నెహ్రూ స్మారక వైద్య కళాశాల ఉన్నది. దానికి అనుబంధమైన డాక్టర్ భీమ్‌రావ్ అంబేద్కర్ స్మారక ఆసుపత్రిని స్థానికులు మెకాహారా అంటారు. 2012 నుంచి ఎయిమ్స్ కూడా పనిచేస్తున్నది. దేశమంతటా వైద్య కళాశాలలలో, జిల్లా ఆసుపత్రులలో హెచ్.ఐ.వి. పరీక్షకు, సలహాకు ప్రత్యేక కేంద్రాలు ఉన్నాయి. పరీక్ష ఉచితం. 2017 నాటి చట్టం ప్రకారం రోగి అంగీకారం లేకుండా పరీక్ష చేయకూడదు; ఫలితాన్ని గోప్యంగా ఉంచాలి. 1097 నంబరుకు ఫోను చేస్తే ఖర్చు లేకుండా సలహా దొరుకుతుంది.

సంపర్కం జరిగి 72 గంటలు దాటకపోతే ఆలస్యం చేయకుండా డాక్టరును కలుసుకోవాలి. ప్రమాదం ఉన్నదని ఆయనకు తోస్తే 28 రోజులపాటు వాడే నివారణ మందులు ఇస్తారు. ఆ గడువు దాటితే మిగిలినది పరీక్షలే. వైరస్ అంశాన్ని, ప్రతిరక్షకాలను కలిపి చూసే నాలుగవ తరం లేబొరేటరీ పరీక్ష 45 రోజులకు నమ్మదగిన ఫలితం ఇస్తుంది. ప్రతిరక్షకాలను మాత్రమే చూసే పరీక్షకు మూడు నెలలు ఆగవలసి ఉంటుంది. ముందే చేయించుకోవడంలో తప్పు లేదు గాని, దానినే తుది తీర్పుగా భావించకూడదు.

డాక్టరు ముందు కూర్చున్నప్పుడు పెద్ద ఉపోద్ఘాతం అవసరం లేదు. "డాక్టరు గారూ, ఇరవై రోజుల కిందట ఒకరితో లైంగిక సంపర్కం జరిగింది, నోటితో కూడా. నిరోధ్ వాడలేదు. పది రోజులుగా గొంతు నొప్పి. ఈ మాత్రలు వాడాను" అంటే చాలు. నోటితో చెప్పలేకపోతే కాగితంమీద రాసి ఇవ్వవచ్చు. హిందీలో ఒక్కొక్క మాటకూ తడబడేవారు తేదీలను, మందుల పేర్లను రాసుకుని వెళితే మరింత మంచిది.

అన్ని పరీక్షలూ బాగున్నా గొంతునొప్పి తగ్గకపోతే కారణాన్ని ఇతరత్రా వెతకాలి. కడుపులోని ఆమ్లం రాత్రివేళ పైకి ఎగదన్నడం, ముక్కు వెనుక నుంచి గొంతులోకి కారే కఫం, అలర్జీ, బీడీ, సిగరెట్టు, గుట్కా, కర్మాగారాల పొగ, దుమ్ము వీటిలో ఏదైనా గొంతును నెలల తరబడి రేపుతూ ఉండవచ్చు. ఉక్కు మిల్లుల నడుమ పనిచేస్తూ గుట్కా నమిలే మనిషి తన గొంతుమంటకు ఒక్క రాత్రినే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. మూడు వారాలు దాటినా తగ్గని నొప్పి, గొంతు బొంగురుపోవడం, మింగడంలో కష్టం, మెడలో గట్టి గడ్డ, బరువు తగ్గడం వీటిలో ఏది ఉన్నా చెవి–ముక్కు–గొంతు నిపుణుడికి తప్పక చూపించుకోవాలి. పొగాకు నమిలేవారు, కాల్చేవారు ఈ విషయంలో ఒక్క వారం కూడా జాప్యం చేయరాదు.

గొంతులో ఉన్నది ఏమిటో తెలుసుకోవడానికి ఒక దూదిపుల్ల, ఒక చిన్న సీసాడు రక్తం, నాలుగు నిజమైన మాటలు కావాలి. మొదటి రెండూ ఆసుపత్రిలో దొరుకుతాయి. ఆ నాలుగు మాటలు మాత్రం రోగే వెంట తీసుకుని వెళ్లాలి.